బండి కింద పరిచిన పేపరు

తొంభైల మొదట్లో నా దగ్గర ఒక పాత డీజిల్ పికప్పు ఉండేది. గరిడేపల్లి పక్కన మా ఊళ్లో ట్రాక్టర్లు చాలామందికి ఉన్నాయిగానీ పికప్పు మాత్రం నా ఒక్కడికే. ఆ పొగరు నాకు కాస్త ఎక్కువే ఉండేదని ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గుపడను. వానాకాలం పంట కోతలు మొదలైతే చాలు, కళ్లాల దగ్గర వడ్ల బస్తాలు ఎత్తుకుని మిర్యాలగూడలో ఒక రైసు మిల్లుకు చేర్చేవాణ్ని. ఆ రెండు నెలల కిరాయిలతోనే మా ఇల్లు ఏడాదంతా గడిచేది.

దసరాకు బండికి పూజ చేసే ముందు కాలువలో కడగడం మా దగ్గర అందరికీ అలవాటు. బండిని వెనక్కి కాలువలోకి దింపి, వెనక చక్రాలు సగం మునిగేదాకా నిలబెట్టి, బకెట్లతో నీళ్లు కొట్టి తోముతాం. నీళ్లు లోపలికి పోకుండా నేను మూడు చోట్ల గుడ్డలు కుక్కేవాణ్ని. పొగ గొట్టానికి ఒకటి, గాలి పీల్చుకునే ఫిల్టరు మూతికి ఒకటి, ఇంజన్ పక్కనుంచి కిందికి దిగే సన్నటి గొట్టానికి ఒకటి. ఆ ఏడాది మా ఆవిడ తన పాత ఆకుపచ్చ చీర చింపి మూడు ముక్కలు ఇచ్చింది. ఇంజన్ మీద నీళ్లు పోసింది కూడా ఆమే. నేను గట్టు మీద నిలబడి ఇక్కడ నీళ్లు పొయ్యి, అక్కడ తోము అని పెత్తనం చేశాను.

అంతా అయ్యాక, ఉతికి ఆరేద్దామని ఆమె గుడ్డలు లెక్క చూసుకుంది.

"ఏమయ్యా, మూడిస్తే రెండే ఉన్నయి. ఇంకోటేది?"

"కాలువల కొట్టుకపోయుంటది తీ. పట్టుచీర ముక్కనా ఏంది?" అన్నాను.

ఆమె ఆ రెండు గుడ్డలే పిండి బకెట్లో వేసుకుంది. బండికి పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి ఇంటికి వచ్చాం.

దీపావళి దాటింది, కోతలు మొదలయ్యాయి. మాడుగులపల్లి వైపు నుంచి రెండు లోడ్లు వేశానో లేదో బండి కింద ఇంజన్ నూనె చుక్కలు కనిపించాయి. మొదట పట్టించుకోలేదు. పాత బండి, రెండు చుక్కలు కారితే ఏమవుతుందిలే అనుకున్నాను. వారం తిరిగేసరికి బండి ఎక్కడ ఆగితే అక్కడ అరచెయ్యంత నల్లటి మడుగు.

నేను వడ్లు చేర్చే మిల్లులో ఉప్పుడు బియ్యం పట్టేవారు. ఉడికించిన వడ్లను గచ్చు మీద ఆరబోస్తారు. బస్తాల బండి లోపలికి పోవాలంటే ఆ గచ్చు మీదుగానే పోవాలి. ఒక గురువారం పొద్దున మిల్లు గుమాస్తా నన్ను గేటు దగ్గరే ఆపేశాడు.

"ఈ వడ్లల్ల ఒక్క చుక్క పడ్డా బియ్యమంతా ఇంజనాయిల్ వాసనొస్తయి. సోమవారం లోపట కారుడు బంద్ చేయించు. లేకుంటె వేరే బండిని పెట్టుకుంటం. తర్వాత నన్ను అనేదేం లేదు."

పెద్దమనిషి, కోపంతో అన్న మాట కాదది. అందుకే నాకు మరీ భయమేసింది. కోతల నడుమ మిల్లు చేజారితే మళ్లీ దొరకదు. నా వెనకాలే రెండు బళ్లు కాచుకుని ఉన్నాయి.

శుక్రవారం కోదాడ పోయాను. అక్కడ హైవే పక్కన షెడ్డులో మెకానిక్, ఇంజన్ నడుస్తుండగా నూనె పోసే మూత తీసి, ఆ రంధ్రానికి అరచెయ్యి అడ్డం పెట్టి చూశాడు. లోపల్నుంచి గాలి బుస్సుమని తన్నింది.

"సిలిండర్ల బోరు అరిగిపోయిందన్నా. ఇంజిను మొత్తం దింపాల. పదిహేను రోజులు పడుద్ది" అన్నాడు.

అతని తప్పేమీ లేదు. గాలి అట్లా తన్నుకొస్తే ఎవరైనా అదే మాట అంటారు. కానీ పదిహేను రోజులంటే నా సీజన్ ఖతం. నాకు ఒళ్లు మండిపోయింది. నాకు మాత్రం చేతులు లేవా, బోల్టులు తిప్పే పానాలు లేవా అనుకుంటూ బండి తిప్పుకుని వచ్చేశాను. రోషానికేం తక్కువ లేదు, తెలిసింది మాత్రం అంతంత మాత్రం.

శనివారం పొద్దున్నే బస్సెక్కి సూర్యాపేట పోయి, స్పేర్ పార్టుల దుకాణంలో ఇంజన్ పైమూతకు ఒకటి, కింద నూనె ఉండే ఛాంబరుకు ఒకటి ప్యాకింగులు తెచ్చాను. రెండు ఇనుప భాగాలు కలిసేచోట నూనె బయటికి రాకుండా మధ్యలో పెట్టే పలచటి అట్టలే ఈ ప్యాకింగులు. మధ్యాహ్నానికి పైమూత విప్పి, పాతది బ్లేడుతో గీకి, కిరసనాయిలుతో తుడిచి కొత్తది బిగించాను. బండి కింద పాత పేపరు పరిచి, ఇంజన్ స్టార్ట్ చేసి పావుగంట ఉంచాను. పైమూత పొడిగానే ఉంది. సంబరపడి కిందికి వంగి చూస్తే పేపరు మీద నల్లటి చుక్కలు. ఇప్పుడు ఛాంబరు అంచునుంచి కారుతోంది.

అప్పుడే మా ఆవిడ చాయ్ తెచ్చింది. ఆ కోపమంతా ఆమె మీద చూపించాను.

"పండుగనాడు బకెట్లకు బకెట్లు ఇంజన్ మీద గుమ్మరిస్తివి. ప్యాకింగులన్ని నానినయి. అంత నీ వల్లనే!"

"నువ్వు పొయ్యమంటెనే కద పోసిన" అంది. గ్లాసు బానెట్ మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. ఆ రాత్రి అన్నం పళ్లెం నా ముందు పెట్టి, తను వెళ్లి పడుకుంది.

ఆదివారం పొద్దున్నుంచి బండి కిందే ఉన్నాను. నూనె మొత్తం బేసిన్‌లోకి దించి, ఛాంబరు విప్పి, రెండో ప్యాకింగు వేసి, బోల్టులన్నీ బిగించి, మళ్లీ నూనె పోశాను. వీపు చెక్కుకుపోయింది, కంట్లో మట్టి పడింది. కొత్త పేపరు పరిచి స్టార్ట్ చేశాను. ఈసారి ఛాంబరు పొడిగానే ఉంది, నూనె మాత్రం ఇంజన్ ముందువైపు రబ్బరు సీలు దగ్గరనుంచి కారుతోంది. నేను చూస్తుండగానే నూనె మట్టం కొలిచే పుల్ల దానంతట అదే పైకి లేచింది. నాకు ఏడుపొచ్చింది. నిజంగానే వచ్చింది, అబద్ధమెందుకు చెప్పాలి. రేపు గేటు దగ్గర గుమాస్తా ముఖం ఎట్లా చూడాలి?

విసుగుతో నూనె పోసే మూత పీకి పక్కన పడేశాను. గాలి బుస్సుమంది. కాసేపటికి చూస్తే సీలు దగ్గర కారడం ఆగింది. మూత పెట్టాను, మళ్లీ కారింది. తీశాను, ఆగింది. అప్పుడు వెలిగింది నాకు. లోపలి గాలికి బయటికి పోయే దారి లేక, సందు దొరికిన చోటల్లా నూనెను తోస్తోంది. గాలి పోవడానికి ఇంజన్‌కు ఒక గొట్టం ఉంటుంది. పక్కనుంచి కిందికి దిగే ఆ సన్నటి గొట్టమే.

ఇంజన్ ఆపి, మళ్లీ బండి కిందికి దూరి, ఆ గొట్టం చివర వేలు పెట్టాను. మెత్తగా గుడ్డ తగిలింది.

బయటికి లాగాను. నూనెకు నల్లబడినా అంచు దగ్గర ఆకుపచ్చ ఇంకా తెలుస్తోంది. పొగ గొట్టంలో, ఫిల్టరులో గుడ్డలు ఉంటే ఇంజన్ స్టార్ట్ కాదు, అందుకని ఆ రెండూ తీయక తప్పదు. ఈ మూడోది ఉన్నా బండి నడుస్తుంది, కాబట్టి బండి దాన్ని గుర్తుచెయ్యదు. ఒక మనిషి గుర్తుచేసింది, నేనే ఆ మనిషి నోరు మూయించాను.

బండి కింద పడుకునే పెద్దగా నవ్వాను. ఒక గంట ఇంజన్ నడిపి, కారిన చోట్లన్నీ తుడిచి, కొత్త పేపరు పరిచాను. చీకటి పడేదాకా చూశాను, ఒక్క చుక్క పడలేదు. అయినా ఆ గుడ్డను ఆమెకు చూపించడానికి మనసు రాలేదు. జేబులో కుక్కుకుని, "అయిపోయింది" అని మాత్రం చెప్పాను. "మంచిది" అంది, నావైపు చూడకుండా.

సోమవారం నిండు లోడుతో మిల్లు గేటు ముందు ఆగాను. గుమాస్తా తన చేతిలోని పేపరు బండి కింద పరిచి, ఇంజన్ నడుస్తుండగానే పది నిమిషాలు నిలబడ్డాడు. తర్వాత దాన్ని తీసి రెండువైపులా తిప్పి చూసి మడతపెట్టాడు.

"పో లోపటికి. ఎవరు చేసిన్రు రిపేరు?"

"నేనే" అన్నాను. గుండెల్లో బరువంతా దిగిపోయింది. కానీ ఆ మాట అన్నందుకు జేబులో గుడ్డ గుచ్చుకున్నట్టయింది. రిపేరు చేసిందీ నేనే, పాడుచేసిందీ నేనే.

సాయంత్రం ఇంటికి రాగానే ఆ గుడ్డ ఆమె చేతిలో పెట్టాను.

"గొట్టంల ఉండె. నేనే మర్చిపోయిన. ఊకెనే నిన్ను అన్న" అన్నాను. అంత చిన్న మాట అనడానికి రెండు రోజులు పట్టింది నాకు.

ఆమె గుడ్డ విప్పింది, అంచు చూసింది, నా ముఖం చూసింది. నవ్వు ఆపుకుంటూ "మూడు" అంది. గుడ్డ తీసుకుని ఉతకడానికి పోయింది.

మరుసటి దసరా నుంచి, బండి కడగడానికి కాలువలో నిలబెట్టగానే తాళంచెవి ఆమె తీసుకునేది. మూడు గుడ్డలూ లెక్కపెట్టి చేతిలో పెడితేనే అది నాకు తిరిగి ఇచ్చేది.