నాన్న వేళ్ళు, నేను పెట్టిన లెవెల్

కంప్యూటర్‌లో పాట రికార్డు చేసేటప్పుడు శబ్దం హద్దు దాటితే ఒక ఎర్ర లైటు వెలుగుతుంది. అదంటే నాకు ఇప్పటికీ భయమే.

నాన్న నర్సీపట్నంలో దర్జీ. ఆదివారం చర్చిలో ఎలక్ట్రిక్ గిటారు వాయించేవాడు. రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు ఆయన ఎడమ మణికట్టులో నరం నొక్కుకుపోయి వేళ్ళు తిమ్మిరెక్కడం మొదలైంది. ఆపరేషన్ చేస్తే పట్టు నిలవొచ్చు, ఆలస్యమైతే కష్టమని విశాఖపట్నం డాక్టరు చెప్పి, బుధవారం రమ్మన్నాడు. కోత అంటే నాన్నకు వణుకు. ఆ చెయ్యి మళ్ళీ వాయిస్తుందో లేదోనని నాకు వణుకు. అందుకే ముందుగా ఒక్క పాటైనా దాచుకోవాలనుకున్నాను.

అప్పట్లో నేను కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పేదాన్ని. గిటారు వైరు నేరుగా కంప్యూటర్‌కు పెట్టి ముందు ఒట్టి తీగల శబ్దం పట్టుకోవాలి. తర్వాత చర్చిలో మోగే తీరు రావడానికి దాన్నే అక్కడి పాత ఆంప్లిఫైయర్‌లోకి పంపి, ఎదురుగా మైకు పెట్టి మళ్ళీ రికార్డు చెయ్యాలి. అలాగైతే నాన్న ఒక్కసారి వాయిస్తే చాలు, మిగతా తంటాలన్నీ నేను పడొచ్చు.

శనివారం మధ్యాహ్నం ఇంట్లో కూర్చున్నాం. "ఒకసారి వాయించు నాన్నా, లెవెల్ సూసుకుంతాను" అన్నాను. పసిపిల్లను నిద్రపుచ్చుతున్నట్టు మెల్లగా మీటాడు. కంప్యూటర్‌లోకి వెళ్ళే శబ్దం దానికి సరిపడా పెట్టాను. పాట మొదలయ్యాక వంటింట్లోంచి అమ్మ గొంతు కలిపింది. అంతే, సంఘమంతా పాడుతున్నప్పటి అలవాటుకొద్దీ నాన్న తీగల్ని బాదేశాడు. చరణమంతా ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. అలా హద్దు దాటి తెగిపోయిన శబ్దం గరగరమంటుంది, ఇక బాగుచెయ్యలేం. అయినా ఆపమనడానికి నోరు రాలేదు. పాట అయ్యేసరికి నాన్న ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని నొక్కుకుంటున్నాడు.

"ఎలాగొచ్చిందే?"

"బాగొచ్చింది నాన్నా."

ఆదివారం ఆరాధన అయ్యాక కంప్యూటర్‌ను ఆటోలో చర్చికి తీసుకెళ్ళాం. ఆ ఆంప్లిఫైయర్ తయారుచేసిన రోలుగుంట రేడియో మేస్త్రి కంప్యూటర్ నుంచి వచ్చే వైరు మధ్యలో శబ్దం తగ్గించే చిన్న నాబ్ బిగించి ఇచ్చాడు. "గిటారు ఇచ్చేది సిటికెడమ్మా, కంప్యూటర్ ఇచ్చేది దోసెడు. బేగి బేగి తిప్పేత్తే స్పీకరు పోద్ది" అన్నాడు. శనివారం పాట పెట్టి, సున్నా నుంచి వెంట్రుకవాసి చొప్పున పెంచాను. గిటారు తగిలిస్తే ఎంత మోగుతుందో అంతకు రాగానే చెయ్యి తీసేశాను. స్పీకరుకేమీ కాలేదు. ఇంతలో చరణం వచ్చింది. గరగరా గరగరా.

నాన్న ముఖం పాలిపోయింది. వేలు తీగను గట్టిగా నొక్కకపోయినా అచ్చం అలాంటి గరగరే వస్తుంది. ఆయన ఎడమ చేతిని జేబులో పెట్టేసుకున్నాడు. ఇంటికొచ్చాక అమ్మతో, "నా సేతి ఏళ్ళు పోయాయే. పోయినదానికి కోతెందుకు? బుదవారం నేనెల్లను" అన్నాడు.

నేనాడిన అబద్ధం ఆయన చెయ్యి పోగొట్టేలా ఉంది.

"నాన్నా, ఆ గరగర నీ ఏళ్ళది కాదు. నేనే లెవెల్ ఎక్కువ పెట్టీసాను. ఎర్ర లైటు సూసి కూడా సెప్పలేదు."

"మరి సెప్పవేటే! సర్చి కాడ్నుంచీ సచ్చి బతుకుతున్నాను" అని అరిచాడు. నా మీద ఆయన అంతలా అరవడం అదే మొదటిసారి. కాసేపటికి గిటారు తెమ్మన్నాడు.

ఈసారి అమ్మను గొంతెత్తి పాడమని, నాన్నను గట్టిగా బాదమని, అప్పుడు లెవెల్ చూశాను. భయానికి ఇంకాస్త తగ్గించాను. పాట మొత్తం పచ్చ లైటు దాటలేదు. ముగ్గురం చెవులు రిక్కించి విన్నాం. శబ్దం తేటగా ఉంది. రెండో చరణంలో ఒకచోట తీగ గర్రుమంది. ఇంకోచోట స్వరమే పలకలేదు.

నాన్న నావైపు చూశాడు. "ఇది కూడా నీ లెవెలేనేటి?"

ఔననేయాలని ఎంత అనిపించిందో. తల అడ్డంగా ఊపాను.

చాలాసేపు వేళ్ళు ముడుస్తూ, విప్పుతూ కూర్చున్నాడు.

"బుదవారం బస్సు ఎన్నింటికే?" అన్నాడు.