హబీబ్ సాబ్ టోపీ

ఆవిరి తగిలిన పాత ఉన్నిది వానలో నానిన గొంగడి వాసన. ఈ ఉదయం బాన్సువాడలోని మా వంటింట్లో కెటిల్ మూతి మీద ఫెల్ట్ టోపీని తిప్పుతుంటే ఆ వాసనే లేచింది. నలభై ఏళ్లకు పైగా ట్రంకుపెట్టెలో నా డైరీల కింద నలిగిన టోపీ అది. మా ఓవర్సియర్ హబీబ్ సాబ్‌ది. మధ్యాహ్నం పిట్లం నుంచి ఆయన కూతురు రజియా దాన్ని తీసుకుపోవడానికి వస్తానంది. నలిగిన టోపీని ఆమె చేతిలో పెట్టలేను. టోపీతోపాటు ఆమెకు చెప్పవలసినది కూడా ఒకటి ఉంది.

ఈ పని నేర్పింది ఆయనే. కాలువల మీద నాకు కొత్త ఉద్యోగం. వాన వెలిసిన ప్రతిసారీ ఆయన టోపీకి ఆవిరి పట్టి, బోర్లించిన గిన్నె మీద తొడిగి, అంచు చదును చేసి నీడన ఆరబెట్టేవాడు. ఒకసారి తొందరపడి నేను కెటిల్‌కు మరీ దగ్గరగా పెట్టాను.

"అరె నర్సిములు, ఆవిరి సూపియ్యాలెగని ఉడకబెడతవా? కుంచించుకపోతే ఇగ కోడిపెట్టకు తొడగాలె!"

గేజి విషయంలో మాత్రం నవ్వేవాడు కాదు. గేజి అంటే తూము దగ్గర నీటి మట్టం చూపే కొలతరాయి. పొద్దున, సాయంత్రం నేను పోయి చూసి పుస్తకంలో అంకె వేయాలి, మట్టం పెరిగితే తూము తెరిపించాలి. "కండ్లతోటి చూసినంకనే కలం తియ్యి" అనేవాడు.

ఒక సాయంత్రం జోరువానలో నేను పోలేదు. కిరాయి గదిలో కూర్చుని పొద్దుటి అంకెనే మళ్లీ వేశాను. తెల్లవారేసరికి కాలువ కట్ట తెగింది. తూము కావలి లష్కర్ సాయిలు గుడిసెతో సహా కొట్టుకుపోయాడు. రెండు మడులు దాటి, బురదలో దొరికాడు. హబీబ్ సాబ్ టోపీ తీసి అతని ముఖం మీద కప్పాడు. జనం శవాన్ని ఎత్తాక ఆ టోపీతోనే నా దగ్గరికి వచ్చాడు.

"గేజి చూసినవా?"

నేను తల దించుకున్నాను. ఆయన మళ్లీ అడగలేదు. "రిపోర్టు నేను రాస్తా. నీ డైరీల మాత్రం నిజమే రాయి" అన్నాడు.

వానలో పోవద్దని నాకు తానే చెప్పినట్టు ఆయన రిపోర్టు రాశాడు. విచారణలో నేను నోరు విప్పలేదు. ఆయన ఉద్యోగం పోయింది. వెళ్లేరోజు టోపీ నా బల్ల మీద పెట్టి, "ఇంట్ల ఉంటే అదే యాదికొస్తది, నువ్వే ఉంచుకో" అన్నాడు. కట్ట తెగిన రాత్రి ఆయన తాగి పడుకున్నాడని ఊరు అన్నది. ఆయన ఎన్నడూ తాగలేదు. ఆ మాట మోస్తూనే కొన్నేళ్లకు పోయాడు. కట్ట తెగిన రోజు నుంచి నేను డైరీ రాయని రోజు లేదు.

మధ్యాహ్నం రజియా వచ్చింది. టోపీ ముందుభాగాన రెండు చిన్న గుంతలుంటాయి, ఆయన పట్టి పట్టి పడ్డవి. ఆవిరిలో వాటిని నేను సరిచేయలేదు. ఆమె వాటినే తడిమింది.

"గివి అబ్బా వేళ్లు కదా, చాచా?"

"అవును బిడ్డా" అన్నాను. ఆనాటి డైరీ తీసి, ఆ పేజీ చదివి వినిపించాను. ఆమె టోపీని చున్నీలో చుట్టుకుంది. గడప దాటాక వెనక్కి తిరిగింది.

"అమ్మ పోయినేడుదాక బతికే ఉండె. తాగుబోతు పెండ్లమని జనం అంటే తలుపులేసుకొని ఏడ్సేది. గామెకెందుకు చెప్పలే, చాచా?"

పిట్లం బస్సు వెళ్లిపోయింది. కెటిల్ చల్లారింది. గిన్నె ఇంకా బోర్లించే ఉంది. ఈరోజు పేజీలో ఆమె అడిగిన మాట అడిగినట్టే రాశాను. కింద జవాబు రాయాలని కలం పట్టుకుని కూర్చున్నాను. నిజమే రాయమన్నాడు ఆయన. ఉద్యోగం పోతుందన్న భయమని రాద్దామంటే, పింఛను వచ్చాక నాకు ఆ భయమేముంది? ఆ కింద పేజీ ఖాళీగానే ఉంది.