వాషింగ్టన్‌లో పది నిమిషాలు

పిల్లలూ, మీరు వాషింగ్టన్ వెళ్తున్నారని మీ అమ్మ చెప్పింది. ఎనభైల మధ్యలో, జెర్సీ సిటీలో నర్సుగా ఉన్నప్పుడు, నేనూ ఒక్కసారి వెళ్ళాను. నాతో పనిచేసే మార్తాకి తోడుగా.

మార్తాది హోండురాస్. వాళ్ళ ఊరు నికరాగువా సరిహద్దు పక్కనే. అక్కడ అమెరికా సైన్యం క్యాంపు పెట్టి, విమానాలు దిగడానికి రన్‌వే వేసింది. వాళ్ళమ్మ మొక్కజొన్న పొలం అందులో పోయింది. తమ్ముడికేమో ఆ క్యాంపు వంటింట్లోనే ఉద్యోగం. పొలం తిరిగి ఇప్పించమని అడగాలి, కానీ తమ్ముడి పేరు బయటికి రాకూడదు, వస్తే వాడి ఉద్యోగం పోతుంది. అందుకని వాషింగ్టన్‌లో ఒక కాంగ్రెస్ సభ్యుడి ఆఫీస్‌లో మాకు పది నిమిషాలు ఇచ్చారు.

ఉదయం ఆరున్నరకు న్యూఆర్క్‌లో బస్సెక్కాం. మీరూ బస్సులో వెళ్తే కుడివైపు కూర్చోండి, పొద్దుటి ఎండ ఎడమవైపు పడుతుంది. డెలవేర్ దాటాక పులిహోర తిన్నాం. ముందు సీట్లో ముసలాయన మా మాటలు విని వెనక్కి తిరిగాడు.

"మా అబ్బాయి సోల్జరు, అక్కడే ఉన్నాడమ్మా. మావాళ్ళు లేకపోతే సరిహద్దు అవతలివాళ్ళు మీ ఊళ్ళోకి వచ్చేస్తారు."

"మా తమ్ముడూ అదే అంటాడు," అంది మార్తా. "మా అమ్మ మాత్రం, ఎవరొచ్చినా నా పొలంలోనే దిగాలా అంటుంది."

ఆయన నవ్వేశాడు.

పదకొండుకు బస్సు దిగి, పన్నెండుకి ఆఫీస్‌లో కూర్చున్నాం. టై కట్టుకున్న అసిస్టెంట్ నోట్‌బుక్ తెరిచాడు. మార్తా నావైపు తిరిగింది. "చిన్న ప్రార్థన చెయ్యి సిస్టర్," అంది.

మన చర్చిలో ప్రార్థన ఎలా ఉంటుందో మీకు తెలుసుగా. ఒక్కొక్కరినీ పేరుపెట్టి దేవుడికి అప్పజెప్పాలి. కళ్ళు మూసుకుని ఇంగ్లీషులో మొదలుపెట్టాను. ప్రెసిడెంటు వంతు అయింది, సైనికుల వంతు అయింది, బస్సులో ముసలాయన కొడుకు వంతూ అయింది. "క్యాంపు వంటింట్లో ఉన్న మార్తా తమ్ముడు రఫాయెల్‌ని కాపాడు తండ్రీ," అనేశాను.

కళ్ళు తెరిచేసరికి అసిస్టెంట్ ఆ పేరు రాసుకుంటున్నాడు. మార్తా ముఖం పాలిపోయింది.

"బాబూ, ఆ పేరు వద్దు," అన్నాను.

"ఫైల్ కోసమే మేడమ్. ఎవరూ చూడరు."

"ఎవరూ చూడనిది రాయడం ఎందుకు? ఆ కాగితం నాకివ్వండి."

రూల్స్ ఒప్పుకోవన్నాడు. పైవాళ్ళని అడగాలన్నాడు. నేను కుర్చీలోంచి లేవలేదు. చివరికి నోట్‌బుక్‌లోంచి ఆ కాగితం చింపి నా చేతిలో పెట్టి, గడియారం చూశాడు. తర్వాతి వాళ్ళు అప్పటికే తలుపు దగ్గర నిలబడ్డారు. మార్తా పొలం మాట ఎత్తనేలేదు.

మూడింటికి తిరుగు బస్సు. బస్సు బాల్టిమోర్ చేరింది.

"తప్పు నాదే సిస్టర్," అన్నాను.

"వాడి ఉద్యోగం ఉంటుందిలే. కాగితం నీ దగ్గరే ఉందిగా?"

ఉందన్నాను. "అమ్మకి ఏం రాయను?" అంది.

వాషింగ్టన్ చాలా బాగుంటుందంటారు, చూసి రండి. నాకు గుర్తున్నది ఆ ఆఫీసే. వాళ్ళు అన్నట్టే పది నిమిషాలూ ఇచ్చారు. వాటిని వాడేసింది నేను.