మూత తీయని సీసా

మా ఆయన తాగేవాడు కాదు. ముందే చెబుతున్నాను, ఎందుకంటే కోకాపేటలో ఆయనను ఎరిగినవాళ్ళు ఇప్పటికీ తాగి పోయాడనే అంటారు.

అక్కడి ఒక అద్దాల టవర్ గేటు దగ్గర ఆయనది సెక్యూరిటీ పని. ఒకసారి డ్యూటీ దిగి వస్తూ బండి మీంచి పడ్డాడు. నుదురు రోడ్డుకు కొట్టుకుంది. గాయం మానింది గానీ మనిషి మారిపోయాడు. చావింటికి పోతే నవ్వేవాడు. లావుగా ఉన్నవాళ్ళను మొహం మీదే లావని అనేవాడు. ఇంటికొచ్చి తల బాదుకునేవాడు.

"నోట్లకెళ్ళి వచ్చినంక తెలుస్తదే. లోపల ఆపేటోడు ఎవ్వడు లేడు."

దవాఖానలో డాక్టరమ్మ నాకు అర్థమయ్యేలా చెప్పింది. "నుదుటి వెనకున్న మెదడు, తక్కిన మెదడుకు 'ఆగు' అని చెబుతుంటుందమ్మా. ఆ మాట పోయే దారులు దెబ్బతిన్నాయి. తప్పని ఆయనకు తెలుసు. ఆపుకోలేడు."

అదే మాట పోయి టవర్ దగ్గర ఆయన సూపర్‌వైజర్‌కు చెప్పాను.

"నాకు చెప్తున్నవా మెదడు సంగతి?" అన్నాడు. మా ఆయన్ని గేటు దగ్గర అందరి ముందూ నిలబెట్టి, "ఊదు" అన్నాడు. ఆయన ఊదాడు, ఊదుతూ నవ్వాడు. నవ్వు ఆగలేదు. "సూసిన్రా, ఇంక నిషా దిగలే!" అన్నాడు వాడు. పని ఆ రోజే పోయింది.

తర్వాత వానల్లో సర్వీసు రోడ్డు దాటబోతూ ఆయన పోయాడు. సిగ్నల్ దగ్గర నా చెయ్యి పట్టుకునే ఉన్నాడు. అవతల అరటిపళ్ళ బండి కనబడింది. "జర ఆగు" అన్నాను. చెయ్యి విదిలించుకుని ఉరికాడు.

మూడో రోజు పిట్టకు పెట్టాం. పోయినవాళ్ళకు ఇష్టమైనవి విస్తట్లో పెట్టి, కాకి ముట్టేదాకా కూర్చుంటాం. నేను అరటిపళ్ళు పెట్టాను. సూపర్‌వైజర్ వచ్చి, జేబులోంచి క్వార్టర్ సీసా తీసి వాటి పక్కన పెట్టాడు.

"పానమంత దీని మీదనే ఉంటదమ్మా. ఇది లేంది ముట్టడు."

మా అత్తమ్మ మొహం తిప్పుకుంది. విస్తట్లోని పసుపు సీసాకంతా అంటింది. అలాగే తీసి కొంగున కట్టుకున్నాను.

కొన్నాళ్ళకు అదే టవర్‌లో ఊడ్చే పని అడిగాను. జాలిపడి వాడే ఇప్పించాడు. కొత్తవాళ్ళకు నన్ను చూపించి, "పాపం, మొగడు తాగి తాగి సచ్చిండు" అనేవాడు. చీపురు చేతిలోనే ఉండేది. అన్నిసార్లూ ఆగాను.

మా సంచులు లోపలికి వచ్చేటప్పుడు చూడరు, పోయేటప్పుడే వెతుకుతారు, సూపర్‌వైజర్‌దైనా సరే. లోపల మందు దొరికితే ఉద్యోగం ఊడుతుందని మా అందరినీ నిలబెట్టి బెదిరించేవాడు కూడా వాడే. ఒక రోజు వాడి సంచిలో, టిఫిన్ డబ్బా కింద, ఆ సీసా పెట్టాను.

సాయంత్రం గేటు దగ్గర వరుసలో వాడి వెనక నేనే. గార్డు సంచి తెరిచాడు.

"నాది కాదు! అమ్మతోడు, నేను ముట్టనే ముట్ట!"

"అందరు గట్లనే అంటరు సార్. జర ఊదున్రి."

"మూతనే తియ్యలేదు గదరా!"

"ఇంటికి పోయి తీస్తడేమో," అన్నారెవరో. అందరూ నవ్వారు.

అప్పుడు సీసా మీద ఎండిన పసుపు చూశాడు. వెనక్కి తిరిగి నన్ను చూశాడు. విస్తరి దగ్గర తను పెట్టిన సీసాయే అది.

"ఊదున్రి సార్," అన్నాను. "సిగ్గెందుకు?"

ఊదాడు.

నేను ఒక్క మాట చెబితే అక్కడితో అయిపోయేది. నా నుదుటి వెనక దారులన్నీ బాగానే ఉన్నాయి. ఆగు అన్న మాట నాకు స్పష్టంగా వినబడింది. నా సంచి తెరిచి గార్డుకు చూపించి, బయటికి నడిచాను.