సిస్టరమ్మ చాయ్ తాగుతూ లెక్కపెట్టిన ఊపిరి

నా మనవరాలు పుట్టిన ఐదో రోజున మా పక్క క్వార్టర్ సిస్టరమ్మ నిమ్ముతో కన్నుమూసింది. మంచిర్యాల దవాఖానలో పసిదాన్ని ఒళ్లో పెట్టుకుని మురిసిపోతుంటే కబురొచ్చింది. నెల కావస్తోంది. ఇంత సంతోషం ఇచ్చిపోయిన మనిషిని తలుచుకోకుండా నాకు ముద్ద దిగడం లేదు.

ఆమె గోదావరిఖనిలో నర్సుగా రిటైరైంది. అయినా చేతి గడియారం విప్పలేదు. వాడలో ఎవరికి జ్వరమొచ్చినా వచ్చి, ముందు చాయ్ అడిగేది. గ్లాసు పట్టుకుని ఎటో చూస్తున్నట్టే ఉండి, మనిషి ఊపిరి నిమిషానికి ఎన్నిసార్లు ఆడుతుందో లెక్కపెట్టేది. చెప్పి లెక్కపెడితే ఊపిరి బిగపడతారట. "జరం గోళి మింగితే దాక్కుంటది అన్నా, ఊపిరి దాక్కోదు" అనేది.

చలికాలంలో, ఏడో నెల కడుపుతో ఉన్న నా బిడ్డకు జ్వరం, దగ్గు పట్టుకున్నాయి. ముప్పై ఏళ్లు బొగ్గు బాయిలో దిగినవాణ్ని. మాకు దగ్గంటే దుమ్మే, దుమ్ముకు బెల్లమే మందు. బిడ్డకూ అదే పెట్టాను. సిస్టరమ్మ వచ్చి సగం చాయ్ కింద పెట్టేసింది.

"నీ బెల్లం నువ్వే తిను అన్నా. పిల్లేమన్న బాయిల దిగిందా, దుమ్ము మింగెతందుకు? జల్ది ఆటో పిలువు."

ఫ్లూ జ్వరం ముదిరి ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందన్నారు డాక్టర్లు. ఇంకో పూట ఆగితే తల్లీ పిల్లా దక్కేవారు కాదట. తొమ్మిది రోజులు ఆక్సిజన్ పెట్టారు. దక్కారు, ఇద్దరూ దక్కారు!

మనవరాలు పుట్టగానే మొదటి ఫోన్ ఆమెకే చేశాను. ముక్కు, జుట్టు, ఏడుపు, అన్నీ చెప్పాను. "ఇద్దరు... మంచిగ... ఉన్నరా?" అని ఆగి ఆగి అడిగింది. దగ్గింది. ఏమైందని నేనడిగితే "దుమ్మన్నా, దుమ్ము" అంది. నా మాటే నాకు చెప్పింది. సంబురంలో నేను మాటలే విన్నాను, ఊపిరి వినలేదు. ఒంటరి మనిషి. ఆమె ఊపిరి లెక్కపెట్టడానికి ఎవరూ లేకపోయారు.

ఆమె చెల్లెలు ఆ గడియారం నాకిచ్చింది. పెద్దగా చదువుకోకపోయినా నూరు దాకా లెక్క వచ్చు. పొద్దుటి ఎండలో మనవరాలిని పడుకోబెట్టి, చాయ్ గ్లాసు పట్టుకుని, ఎటో చూస్తున్నట్టే కూర్చుంటాను. చిన్న పొట్ట లేస్తుంది, దిగుతుంది. నలభై దగ్గర పిల్ల నిద్రలో నవ్వుతుంది, నా లెక్క తప్పుతుంది. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతాను. చాయ్ చల్లారిపోతుంది.