జెల్మీరా చుట్టిచ్చే పత్రిక

మా ఊళ్ళో చర్చి ఎదురుగా పత్రికల బడ్డీ జెల్మీరాది. శుక్రవారం శుక్రవారం ‘లా వెదెత్తా’ వచ్చేది. రోమ్‌లో మంత్రుల గుట్టు, భూముల బేరగాళ్ళ బాగోతం, ఏదీ వదిలేది కాదు ఆ వారపత్రిక. మొదట్లో దుప్పటంత కాగితాల మీద అచ్చయ్యేది, తర్వాత చిన్నదైంది. దాని దెబ్బకు పెద్దపెద్దవాళ్ళు కుర్చీలు దిగారు. విడాకుల చట్టం ఉండి తీరాలని అది రాయడం మొదలెట్టాక, మా ఫాదర్ పూజ మధ్యలోనే దానికి శాపనార్థాలు పెట్టాడు.

అయినా చదివేవాళ్ళం. నోరు తెరిచి అడగక్కర్లేదు. జెల్మీరా దాన్ని చర్చి పత్రికలో పెట్టి, చుట్టి చేతికిచ్చేది. ఎవరెవరు చదువుతారో ఆమెకొక్కదానికే తెలుసు. నేను బడిపంతుల్ని.

“మాస్టారూ, ఈ వారం దైవవాక్యం కాస్త బరువుగా ఉంది, జాగ్రత్తగా మొయ్యండి,” అనేది.

ఆమె మొగుడు పద్నాలుగేళ్ళ కిందట స్విట్జర్లాండ్‌కి పనికని పోయి, అక్కడ ఇంకొకావిడతో కాపురం పెట్టాడు. ముగ్గురు పిల్లలు కూడాను. ఇక్కడ ఈమె మాత్రం పెళ్ళైన మనిషే! ఇటు వితంతువుల్లో కలవదు, అటు జంటల్లో కలవదు. అందుకని పండగలకి ఎవరూ పిలిచేవారు కాదు. ఆదివారాలు గుప్పెడు మొక్కజొన్న పిండితో పొలెంతా ఉడికించుకుని ఒక్కతే తినేది.

డెబ్బై నాలుగులో, వచ్చి నాలుగేళ్ళైనా మా ఊళ్ళో ఎవరూ వాడుకునే సాహసం చెయ్యని ఆ చట్టం ఉంచాలా తీసెయ్యాలా అని దేశమంతా ఓటెయ్యబోతుండగా, ఆమె ఆ పత్రికకు ఉత్తరం రాసింది. పేరూ ఊరూ సహా అచ్చైంది.

“నాకు మళ్ళీ పెళ్ళి వద్దు. నేను ఒంటరిదాన్నని కాయితం మీదైనా ఒప్పుకోండి, చాలు.”

బళ్ళో చాటుగా చదివాను. మా రహస్యాలన్నీ కడుపులో దాచుకున్న మనిషి తన రహస్యం మా ముందు పెట్టింది. మధ్యాహ్నం దాకా ఆగలేక, ‘బాగా రాశావమ్మా’ అని చెప్పడానికి బడ్డీకి వెళ్ళాను. పొద్దుట్నుంచీ ఆమెతో ఆ ఉత్తరం గురించి ఎవరూ ఒక్క మాట అన్నట్టు లేదు. నన్ను చూడగానే లేచి నిలబడి, చేతులు తుడుచుకుంది.

“చదివారా మాస్టారూ?”

సరిగ్గా అప్పుడే ఫాదర్ గారి అక్క వచ్చి నా వెనక నిలబడింది.

“ఏమిటి చదివేది?” అన్నాను. “నేను కొనేది చర్చి పత్రికే కదా!”

జెల్మీరా ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది.

“అవును కదూ, పొరపాటు పడ్డాను మాస్టారూ,” అంది, వెనకున్నావిడకి స్పష్టంగా వినపడేలా.