రామూర్తి మాస్టారు టైపు చేసిన బయోడేటా

కాశీబుగ్గ బస్టాండు ఎదురుగా, మేడమెట్ల కింద పట్టేంత గదిలో రామూర్తి మాస్టారి షాపు ఉండేది. ఆయన బళ్లో పాఠాలు చెప్పినవారు కారు. ఇరవయ్యేళ్లు టైపు నేర్పి మాస్టారయ్యారు. 1999లో మిషన్లు అమ్మేసి కంప్యూటరు కొన్నాక, డిగ్రీ పాసైన పిల్లలకు బయోడేటాలు కొట్టిపెట్టడం ఆయన పని. సలహాలు ఉచితం.

ఇంటర్వ్యూకి కొత్త చెప్పులు వేసుకోకూడదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇవ్వకూడదు. తెలియనిది తెలియదనాలి. బస్సులో కిటికీ పక్కన కూర్చోకూడదు, జుట్టు చెదిరిపోతుంది.

ఇన్ని సలహాలున్నా ఆయన దగ్గర బయోడేటా మాత్రం ఒక్కటే. పేర్లూ మార్కులూ మార్చేవారు, మిగతాది అలాగే ఉంచేవారు. టెక్కలి నుంచి సోంపేట దాకా అందరి అభిరుచీ తపాలా బిళ్లల సేకరణే. అనుభవం గడిలో అందరికీ 'నిల్'. ఎం.ఏ. అయ్యాక నేను వెళ్తే నాకూ తపాలా బిళ్లలే అంటగట్టారు. కాదని చెప్పడానికి నోరు రాలేదు.

2004 వేసవిలో నాగమణి ఆ బయోడేటానే పట్టుకుని ఇంటర్వ్యూకి వెళ్లింది. టెక్కలిలో బియ్యస్సీ చదివిన అమ్మాయి. తల్లి ఎర్రమ్మ పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్లుగా పప్పు ఒలుస్తోంది. విశాఖ కంపెనీ ఒకటి పలాసలో ప్యాకింగ్ యూనిట్ పెడుతూ సూపర్‌వైజర్ కావాలంది. ఊరు వదలకుండా దొరికే ఉద్యోగం అదొక్కటే. అది తప్పితే నాగమణి కూడా రోజూ తల్లి పక్కనే కూర్చుని ఒలవాలి.

ఇంటర్వ్యూ చేసే ఆఫీసరు పళ్లెంలో పప్పు పోసి బల్ల మీద పెట్టి, ఏవో ప్రశ్నలు అడుగుతున్నాడట. జవాబులు చెబుతూనే నాగమణి చేతులు గుండు, బద్ద, ముక్క వేరుచేసేశాయి. ఆయన ఆ మూడు కుప్పలూ చూశాడు, బయోడేటాలో 'నిల్' చూశాడు. ఇదెక్కడ నేర్చుకున్నావని అడిగితే, ఏడో తరగతి నుంచీ సెలవుల్లో అమ్మతో ఒలిచానని చెప్పింది. ఆ మాట కాగితం మీద ఉంటేనే ఉద్యోగం ఇవ్వగలననీ, సోమవారంలోగా తెమ్మనీ అన్నాడు. లిస్టులో ఇంకో ఇద్దరున్నారు.

నాగమణి తిన్నగా షాపుకొచ్చింది. "నిల్ అని ఎందుకు కొట్టినారు మాస్టారూ?" అని మాత్రం అడిగింది. మాస్టారు చాలాసేపు కీబోర్డు మీద దుమ్ము తుడిచారు. తర్వాత తలుపు వేసి ఆమెతో ఫ్యాక్టరీకి బయల్దేరారు. పనిరోజున ఆయన షాపు మూయడం బస్టాండులో ఎవరూ ఎరగరు.

నాగమణి పనిచేసినట్టు సర్టిఫికెట్టు రాసిమ్మని ఫ్యాక్టరీ మేస్త్రీ దాలయ్యను అడిగారు. అతను చెడ్డవాడు కాదు. కానీ అక్కడ ఒలిచే పప్పు పళ్లెం తల్లి పేరు మీదే ఇస్తారు. పక్కన కూతుళ్లు ఎందరు కూర్చుని ఒలిచినా కూలి పుస్తకంలో తల్లి పేరే ఉంటుంది. ఎనిమిదేళ్ల పుస్తకాలు తిరగేసినా నాగమణి ఎక్కడా లేదు.

"పుస్తకంలో నేని పేరు నానెలా రాసీది మాస్టారూ? సావుకారు నా పని తీసేస్తాడు," అన్నాడు దాలయ్య.

సర్టిఫికెట్టు లేని అనుభవం అనుభవమే కాదని ఇన్నాళ్లూ పిల్లలకు చెప్పింది మాస్టారే. ఆయన అక్కడే పప్పు బస్తా మీద కూర్చుండిపోయారు. ఎదురుగా ఎర్రమ్మ తల ఎత్తకుండా ఒలుస్తోంది.

"ఎర్రమ్మా, ఈ పిల్లకి పని నేర్పింది ఎవులు?"

"నానే."

"పప్పు ఇరిగిపోతే తిట్టింది?"

"నానే మరి. దానికి ఇంకెవులున్నారు?"

"అయితే సర్టిఫికెట్టు నువ్వే ఇవ్వాల."

ఎర్రమ్మ నవ్వింది. తనకు సంతకమే రాదంది. వేలిముద్ర చాలన్నారు మాస్టారు.

ఆ సాయంత్రం ఆయన మొదటిసారి పాత ఫైలు తెరవకుండా ఖాళీ పేజీ మీద టైపు చేశారు. 'ఎనిమిదేళ్లు సెలవుల్లో నా తల్లి పేరు మీద, ఆమె పక్కన కూర్చుని పప్పు ఒలిచి గ్రేడు చేశాను' అని నాగమణి మాటగా. కింద 'ఇది నిజం, పని నేర్పినది నేనే' అని ఎర్రమ్మ వేలిముద్ర. ఎర్రమ్మ పద్నాలుగేళ్లుగా అక్కడ పనిచేస్తోందని దాలయ్య సంతకం. అది పుస్తకంలో ఉన్నదే కాబట్టి అతనికి అభ్యంతరం లేకపోయింది.

సోమవారం ఆఫీసరు దాన్ని రెండుసార్లు చదివి ఫైల్లో పెట్టుకున్నాడు. బుధవారం నుంచి రమ్మన్నాడు.

ఆ కబురు చెప్పడానికి మర్నాడు ఎర్రమ్మే షాపుకొచ్చింది.

"మా అమ్మిని తీసుకున్నారు మాస్టారూ. ఇంక నా పళ్లెం నానొక్కర్తినే ఒలుసుకోవాల," అంది.

అది సంతోషమో దిగులో మాస్టారికి తెలియలేదు. కుర్చీ చూపించారు. పనికి వేళైపోతోందని ఆమె కూర్చోకుండానే వెళ్లిపోయింది.